ఒకరి దేహం, మరొకరి సంతకం
(స్మారకోపన్యాస పాఠం)

1. సమ్మతి ఎప్పుడు చెల్లుతుంది?

వైద్యంలో సమ్మతి చెల్లాలంటే నాలుగు విషయాలు కుదరాలి. ఏ చికిత్స చేయబోతున్నారో, దానివల్ల మేలెంతో కీడెంతో, అది కాకపోతే వేరే దారి ఏముందో రోగికి తెలియాలి. తెలిసినదాన్ని అర్థం చేసుకుని తూచి చూడగల శక్తి ఉండాలి. ఆ నిర్ణయం వెనక భయం, బలవంతం, మొహమాటం ఉండకూడదు. వద్దనే అవకాశం చివరిదాకా ఉండాలి. ఈ నాలుగూ జరిగాయనడానికి సంతకం ఒక ఆధారం మాత్రమే. అవి జరగనప్పుడు పత్రం నిండా సంతకాలున్నా సమ్మతి లేనట్టే.

2008 జనవరి 16న సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. పొట్టలోపలి పరీక్షకు ఒప్పుకుని మత్తులోకి వెళ్లిన 44 ఏళ్ల మహిళకు, బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించుకుని గర్భాశయం, అండాశయాలు తొలగించారు. అప్పటికప్పుడు ప్రాణాపాయమేమీ లేదు. ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగి అడిగితే సరిపోయేది. డాక్టరు సదుద్దేశంతోనే చేసినా, తన నిర్ణయం తాను తీసుకోగల వయోజనురాలి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది.

నిర్ణయించుకోగల మనిషి విషయంలో దారి అంత స్పష్టం. పసిపిల్లలు, స్పృహలో లేనివారు, డిమెన్షియా ముదిరిన వృద్ధులు తమకు తాముగా సమ్మతి ఇవ్వలేరు. వారి బదులు ఇంకెవరో ఇవ్వాలి. ఆ ఇంకెవరో ఎవరు కావచ్చు, ఎవరు కాకూడదు అన్నది ఇక్కడ చర్చించవలసిన ప్రశ్న. దీనికి సమాధానం వెతకడానికి ఉమ్మడి ఖమ్మం జిల్లా, భద్రాచలం ఏజెన్సీ అనుభవానికి మించిన పాఠం దేశంలో మరొకటి లేదు.

2. 2009: మూడు మండలాలు, 14,091 మంది బాలికలు

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీన్ని చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్ ఇచ్చింది. భారత్‌తో పాటు పెరూ, ఉగాండా, వియత్నాం దేశాల్లోనూ ఇదే పని సాగింది. ఇక్కడ భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలను ఎంచుకున్నారు. 10 నుంచి 14 ఏళ్ల వయసున్న 14,091 మంది బాలికలకు గార్డసిల్ టీకా వేశారు. అదే ఏడాది గుజరాత్‌లోని వడోదర జిల్లాలో పదివేల మందికి పైగా బాలికలకు సర్వారిక్స్ అనే మరో కంపెనీ టీకా వేశారు.

భద్రాచలం ప్రాంతంలో కోయ, కొండరెడ్డి కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో ఆశ్రమ పాఠశాలల్లో, ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు. అమ్మానాన్నలు గోదావరికి ఇరుపక్కలా ఉన్న గూడేల్లో ఉంటారు. వానాకాలంలో వాగులు పొంగితే గూడేనికి దారి ఉండదు. ఏ పోడు చేనులోనో, మిరపకోత కూలికి వెళ్లిన ఊళ్లోనో ఉన్న తండ్రిని వెతికి పట్టుకుని, టీకా గురించి అతని భాషలో చెప్పి, ఆలోచించుకోవడానికి గడువిచ్చి, మళ్లీ వచ్చి జవాబు తీసుకోవడం శ్రమతో కూడిన పని. హాస్టల్‌లో మాత్రం పిల్లలందరూ ఒక్కచోటే ఉంటారు. హాజరుపట్టీ ఉంటుంది. వార్డెన్ ఉంటారు. చెప్పినచోట వరసగా నిలబడే క్రమశిక్షణ ఉంటుంది. మూడు డోసులు లెక్క తప్పకుండా పూర్తిచేయాల్సిన కార్యక్రమానికి అంతకంటే అనువైన చోటు దొరకదు.

2010 తొలి నెలల్లో టీకా వేసుకున్న కొందరు బాలికలు మరణించిన వార్తలు బయటికొచ్చాయి. మార్చి నెలాఖరులో సమ అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం ప్రాంతానికి వచ్చి హాస్టళ్లలో, గూడేల్లో విచారించింది. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రాజెక్టును నిలిపివేసి విచారణ సంఘాన్ని వేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. వారిలో ఐదుగురు ఖమ్మం జిల్లావారు. నీళ్లలో మునగడం, పాముకాటు, పురుగుమందు తాగడం, మలేరియా ముదరడం ఆ ఐదు మరణాలకు కారణాలుగా నమోదయ్యాయి. ఈ మరణాలకు టీకా కారణమన్న ఆధారం లేదని విచారణ సంఘం 2011లో నివేదించింది. సమ్మతి తీసుకున్న తీరులో మాత్రం తీవ్రమైన లోపాలున్నాయని అదే విచారణలో తేలింది.

3. పత్రాలు చెప్పిన సంగతి

ఈ వ్యవహారాన్ని పార్లమెంటు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ స్థాయీ సంఘం పరిశీలించి 2013 ఆగస్టు 30న తన 72వ నివేదికను సభ ముందుంచింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అంటే దాదాపు 29 శాతం పత్రాల్లో అమ్మ లేదు, నాన్న లేడు. హాస్టల్ నడిపే ఉద్యోగి ఉన్నారు.

ఆ వేలిముద్రల పత్రాలను కాస్త దగ్గరగా చూడాలి. చదువురాని తల్లి వేలిముద్ర వేయడంలో తప్పేమీ లేదు. అయితే ఆ పత్రం ఆమె చదవలేదు గనుక, అందులో ఏముందో ఆమెకు అర్థమయ్యేలా చదివి వినిపించారని చెప్పే సాక్షి ఒకరు ఉండాలి. ఆ సాక్షి టీకా వేసే బృందానికి చెందని మనిషై ఉండాలి. సాక్షి సంతకం, తేదీ లేకపోతే ఆ నల్లటి ముద్ర ఎవరి వేలిదో, ఏ రోజు పడిందో, ముద్ర వేయించేముందు ఏం చెప్పారో కాగితం చెప్పలేదు. పత్రాలను ఇలా అసంపూర్తిగా వదిలేయడాన్ని స్థాయీ సంఘం తీవ్రంగా తీసుకుంది. తల్లిదండ్రుల బదులు ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకం చేయవచ్చని రాష్ట్ర యంత్రాంగం అనుమతించడాన్ని తప్పుపట్టింది. బాలికల మానవ హక్కులను ఉల్లంఘించారని, ఇది పిల్లల పట్ల దుర్వ్యవహారమేనని తేల్చింది. తాము చేసింది క్లినికల్ ట్రయల్ కాదని, అప్పటికే లైసెన్సు పొందిన టీకాను ప్రజలకు అందించే తీరును పరిశీలించిన అధ్యయనమని పాత్ సంస్థ వాదించి, ఆరోపణలను తోసిపుచ్చింది.

వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పార్లమెంటరీ సంఘం నివేదికను కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చా అన్న ప్రశ్నపై ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న కల్పనా మెహతా కేసులో తీర్పునిచ్చింది. నివేదికను చూడవచ్చని, అయితే దాని మంచిచెడ్డలను కోర్టులో సవాలు చేయరాదని చెప్పింది. ఖమ్మం ఏజెన్సీలోని హాస్టల్ గదుల్లో పెట్టిన సంతకాలు దేశ రాజ్యాంగ చర్చగా మారడం ఆ విధంగా జరిగింది.

4. టీకా మంచిది, పద్ధతి తప్పు

ఈ కథనం నుంచి టీకా చెడ్డదన్న నిర్ణయానికి రావడం పెద్ద పొరపాటు. హెచ్‌పీవీ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను సమర్థంగా నివారిస్తుందని ప్రపంచమంతటా రుజువైంది. భారత్‌లో 2020లో ఒక్క ఏడాదే లక్షా ఇరవై వేలకు పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ అంచనా. 2022లో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ టీకాకు దేశంలో అనుమతి లభించింది. గోదావరి ఒడ్డున ఉన్న కోయ బాలికకు ఈ రక్షణ హైదరాబాదు బాలికతో సమానంగా అందాలి.

ఖమ్మంలో చెడింది మందు కాదు, అడిగే పద్ధతి. మేలు చేసే మందైనా అడిగే ఇవ్వాలి. అడగకుండా ఇచ్చినందువల్ల కలిగిన నష్టం ఆ మందుకే తగిలింది. మరణాలకు టీకాతో సంబంధం లేదని నిపుణులు చెప్పినా, ముందు తమతో మాట్లాడని వాళ్ల మాటను తల్లిదండ్రులు తర్వాత ఎందుకు నమ్మాలి? సమ్మతి తీసుకోకుండా మిగుల్చుకున్న కొద్దిరోజుల కాలానికి ఏళ్లపాటు సాగిన అపనమ్మకాన్ని మూల్యంగా చెల్లించవలసి వచ్చింది.

వార్డెన్ దుర్మార్గుడు కావడం వల్ల ఇది జరగలేదు. పిల్లలకు అన్నం పెట్టేది, జ్వరమొస్తే పీహెచ్‌సీకి తీసుకెళ్లేది ఆయనే. అందుకే సంతకం కూడా ఆయనే పెట్టవచ్చని అందరికీ సహజంగా తోచింది. చిక్కంతా అక్కడే ఉంది. పై అధికారి ఆదేశం పాటించాల్సిన ఉద్యోగి, లక్ష్యం పూర్తిచేస్తే మెప్పు, చేయకపోతే మెమో వచ్చే స్థానంలో ఉన్న మనిషి, పిల్ల తరఫున వద్దని చెప్పగలరా? వద్దనలేని వారి ఔను సమ్మతి కాజాలదు.

5. బ్రూక్లిన్ నుంచి వచ్చిన హెచ్చరిక

సంస్థల గోడల మధ్య ఉండేవారి విషయంలో ఈ తప్పు ఎక్కడైనా జరుగుతుంది. 1963లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో దీర్ఘరోగుల ఆస్పత్రి ఒకదానిలో, నీరసించి ఉన్న 22 మంది రోగులకు బతికున్న క్యాన్సర్ కణాలను ఇంజెక్షన్‌గా ఇచ్చారు. అవి క్యాన్సర్ కణాలని వారికి చెప్పలేదు. వారిలో చాలామంది వృద్ధులు. అదే రాష్ట్రంలోని విల్లోబ్రూక్ బాలల సంస్థలో మానసిక ఎదుగుదల లేని పిల్లలకు కావాలనే హెపటైటిస్ సోకించి పరిశోధించారు. పిల్లలైనా వృద్ధులైనా, వారందరూ ఒక గేటు లోపల ఉన్నవాళ్లే. తమ తరఫున బయట అడిగేవారు లేనివాళ్లే.

భారత్‌లో 2013లో క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు కఠినమయ్యాయి. నష్టపరిహారం, నైతిక సంఘాల రిజిస్ట్రేషన్, సమ్మతి ప్రక్రియను దృశ్యశ్రవణ రికార్డు చేయడం వంటివి వచ్చాయి. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వాటి స్థానం తీసుకున్నాయి. ఇవన్నీ పరిశోధనకు వేసిన కట్టడులు. సంస్థల్లో ఉండేవారికి ప్రతిరోజూ మామూలుగా వేసే మాత్రలకు ఇలాంటి కట్టడి లేదు. డిమెన్షియా ఉన్న వృద్ధులకు ఇచ్చే మనోవైద్య మందుల సమస్య అక్కడ మొదలవుతుంది.

6. వృద్ధాశ్రమంలో సాయంత్రపు మాత్ర

దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. మరపు ఈ జబ్బులో ఒక భాగమే. జబ్బు ముదిరేకొద్దీ చాలామందిలో ఆందోళన, అరుపులు, అనుమానాలు, రాత్రిళ్లు తిరగడం, స్నానం చేయిస్తుంటే కొట్టడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. పొద్దుగూకే వేళకు ఇవి పెరగడం సాధారణం. చూసుకునేవారిని బాగా అలసిపోయేట్టు చేసేవి కూడా ఇవే.

వీటిని అణచడానికి హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్ వంటి మందులు వాడతారు. ఇవి ప్రధానంగా స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధుల కోసం వచ్చినవి. వీటికి తోడు లోరాజెపామ్, క్లోనాజెపామ్ వంటి మత్తునిచ్చే మాత్రలు ఇస్తారు. డిమెన్షియా ఉన్నవారిలో ఇవి కొందరికి కొంత ఉపశమనం ఇస్తాయి. కానీ కాళ్లూచేతులూ బిగుసుకుపోవడం, వణుకు, తూలి పడటం, మింగలేకపోవడం, ఊపిరితిత్తుల్లో నిమ్ము, పక్షవాతం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. లెవీ బాడీ రకం డిమెన్షియాలో కొద్ది మోతాదు కూడా ప్రాణం మీదికి తేవచ్చు.

2005 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటి కొత్త తరం మందుల మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. 17 అధ్యయనాలను కలిపి చూస్తే, మందు తీసుకున్న డిమెన్షియా వృద్ధుల్లో మరణాలు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే 1.6 నుంచి 1.7 రెట్లున్నాయి. పది వారాల అధ్యయనంలో మందు తీసుకున్నవారిలో మరణాలు సుమారు 4.5 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో సుమారు 2.6 శాతం. 2008లో పాత తరం మందులకూ అదే హెచ్చరిక వర్తింపజేశారు. 2009లో బ్రిటన్ ప్రభుత్వం కోసం ప్రొఫెసర్ సుబే బెనర్జీ ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ దేశంలో ఏటా 1,80,000 మంది డిమెన్షియా రోగులకు ఈ మందులు ఇస్తుంటే, మేలు పొందేది గరిష్ఠంగా 36,000 మంది. అదనపు మరణాలు ఏటా 1,800. ఖమ్మం హాస్టళ్లలో సంతకాలు జరిగిన సంవత్సరంలోనే ఈ లెక్క బయటికి వచ్చింది.

జబ్బు లక్షణంగా కనిపించే ప్రతి అరుపుకూ జబ్బే కారణం కాదు. ఉదాహరణకు, భద్రాచలం ఎగువ గూడెం నుంచి పట్టణంలోని ఆశ్రమానికి చేరిన కోయ వృద్ధురాలిని ఊహించవచ్చు. తెలుగు ఆమె పెద్దయ్యాక నేర్చుకున్న భాష. డిమెన్షియాలో తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోవడం తరచూ కనిపిస్తుంది. ఆమె ఇప్పుడు కోయలోనే మాట్లాడుతుంది. ఆశ్రమంలో ఆ మాట అర్థమయ్యేవారు లేరు. నాలుగు రోజులుగా మూత్రంలో మంట. చెప్పుకోలేక సాయంత్రమయ్యేసరికి అరుస్తోంది, పట్టుకోబోతే విదిలిస్తోంది. రాత్రి డ్యూటీలో ఒక్క ఆయా. మజ్జిగలో మాత్ర కలిపి తాగిస్తారు. అరుపు ఆగుతుంది. మర్నాడు ఆమె మధ్యాహ్నందాకా లేవదు, నీళ్లు తాగదు, మంట ఇంకా ముదురుతుంది. రిజిస్టరులో మాత్రం "రాత్రి ప్రశాంతంగా నిద్రపోయారు" అని రాస్తారు. ఆమెకు కావలసింది మూత్ర పరీక్ష, ఒక యాంటీబయోటిక్, కోయ తెలిసిన ఒక మనిషి. మలబద్ధకం, పంటి నొప్పి, విరిగిన ఎముక, చెవిలో గుబిలి, కళ్లద్దాలు పోవడం కూడా ఇదే విధంగా అరుపులుగా, కోపంగా బయటపడతాయి.

సమ్మతి అడగడం అన్న నియమం ఇక్కడ వైద్యపరంగానూ పనిచేస్తుంది. మందు ఎందుకు అని ఎవరికో వివరించవలసి వచ్చినప్పుడు, కారణం ఏమిటని ముందు తమను తాము ప్రశ్నించుకోక తప్పదు. బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శకాలు 2018లో ఇదే చెప్పాయి: రోగి తనకో ఇతరులకో హాని చేసే ప్రమాదం ఉన్నప్పుడు, లేదా తీవ్ర వేదన పడుతున్నప్పుడు మాత్రమే ఈ మందులు, అతి తక్కువ మోతాదు, అతి తక్కువ కాలం, కనీసం ఆరు వారాలకోసారి పునఃపరిశీలన.

7. 2017 చట్టం ఏమంటోంది

భారత మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. 2018 నుంచి అమలవుతోంది. ఆలోచన, స్థితిగతుల ఎరుక, జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతిని, వివేచనను, రోజువారీ జీవనాన్ని కుంటుపరిచే రుగ్మత దీని నిర్వచనంలోకి వస్తుంది. ముదిరిన డిమెన్షియా ఆ పరిధిలోదే. సమ్మతి అంటే ఒక నిర్దిష్ట చికిత్సకు, దాని ప్రమాదాలు, లాభాలు, ప్రత్యామ్నాయాలు మనిషికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పాక, బలవంతం లేకుండా ఇచ్చేది అని చట్టం నిర్వచిస్తుంది. ఆశ్రమంలో చేర్చుకునే రోజున "అన్ని చికిత్సలకూ ఒప్పుకుంటున్నాను" అని రాయించుకునే పత్రం ఈ నిర్వచనానికి సరిపోదు. నిర్దిష్ట చికిత్స అన్నప్పుడు ఏ మందు, ఎందుకు, ఎంతకాలం అన్నవి తేలాలి.

నిర్ణయశక్తికి చట్టం పెట్టిన కొలత చాలా మానవీయమైనది. సమాచారాన్ని అర్థం చేసుకోవడం, నిర్ణయం వల్ల ఏం జరుగుతుందో గ్రహించడం, ఆ నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలియజేయడం చాలు. ఇతరులకు నచ్చని నిర్ణయం తీసుకున్నంత మాత్రాన శక్తి లేనట్టు కాదు. చదువురాకపోవడానికి, నిర్ణయశక్తి లేకపోవడానికి సంబంధమే లేదు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. బడి ముఖం చూడనివారిలోనూ ఈ మేలు కనిపించింది. అక్షరం రాని మెదడును తక్కువగా అంచనా వేయరాదని తెలుగునేల మీద జరిగిన పరిశోధనే చెబుతోంది.

శక్తి నిజంగా తగ్గినప్పుడు నామినేటెడ్ ప్రతినిధి రంగంలోకి వస్తారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎవరైనా తమ ప్రతినిధిని రాతపూర్వకంగా ఎంచుకోవచ్చు. ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందస్తు నిర్దేశం రాసి పెట్టుకోవచ్చు. ప్రతినిధి తన ఇష్టాన్ని చెప్పడానికి కాదు ఉన్నది. ఆ మనిషి ఇప్పటి, ఒకప్పటి కోరికలను, జీవితాన్ని, విలువలను, సాంస్కృతిక నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ప్రతినిధి సహాయంతో మానసిక ఆరోగ్య సంస్థలో చేర్చుకున్న రోగి విషయంలో శక్తి తిరిగి వచ్చిందా అని వైద్యులు మొదటి నెలలో ఏడు రోజులకోసారి, ఆ తర్వాత పక్షానికోసారి చూడాలి. కట్టిపడేయడం వంటి భౌతిక నిర్బంధం ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే చేయాలి. సిబ్బంది చాలరన్న కారణంతో చేయకూడదు.

8. చట్టంలో మిగిలిన సందులు

ఇంత మంచి చట్టంలోనూ ఖమ్మం నాటి తప్పు దూరగల సందులున్నాయి. రోగి ముందుగా ఎవరినీ ఎంచుకోకపోతే ప్రతినిధి ఎవరన్నదానికి ఒక వరస ఉంది: బంధువు, ఆ తర్వాత సంరక్షకుడు, ఆ తర్వాత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు నియమించినవారు, చివరగా సాంఘిక సంక్షేమ శాఖ సంచాలకులు. సంరక్షకుడు అంటే రోగితో కలిసి ఉంటూ, జీతానికైనా ఉచితంగానైనా, చూసుకునే బాధ్యత మోసేవారు. బంధువు లేని వృద్ధుడి విషయంలో ఆశ్రమ నిర్వాహకుడే సంరక్షకుడిగా, అక్కడినుంచి ప్రతినిధిగా మారడానికి ఈ నిర్వచనం దారి వదులుతోంది. మాత్ర వేసేదీ ఆయన సంస్థే, వేయడానికి ఒప్పుకునేదీ ఆయనే అవుతారు. హాస్టల్ వార్డెన్ సంతకం మళ్లీ తిరిగి వచ్చినట్టే.

రెండో సందు, భౌతిక నిర్బంధాన్ని పేరుపెట్టి చెప్పిన చట్టం మందులతో చేసే నిర్బంధాన్ని అలా పేరుపెట్టి చెప్పలేదు. తాడుతో కట్టిన గాటు కనిపిస్తుంది. మాత్రతో కట్టింది కనిపించదు. అమెరికాలో 1987లో వచ్చిన నర్సింగ్‌హోముల సంస్కరణ చట్టం రెంటినీ కలిపే నిషేధించింది. సిబ్బంది సౌకర్యం కోసమో, శిక్షగానో మందుతో అణచకూడదంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2022లో ఇలాంటి మందులకు రాతపూర్వక సమ్మతిని తప్పనిసరి చేసింది. అక్కడి తెలుగువారు తమ తల్లిదండ్రుల విషయంలో ఆ పత్రాన్ని అడిగి చూడగలుగుతారు. ఇక్కడి ఊళ్లలో ఉన్న తల్లిదండ్రుల విషయంలోనూ అదే ప్రశ్న అడగాలి.

మూడోది, అనేక వృద్ధాశ్రమాలు ఈ చట్టం కింద నమోదు కాకుండానే డిమెన్షియా రోగులను ఉంచుకుంటున్నాయి. మానసిక రుగ్మత ఉన్నవారిని సంరక్షణ కోసం ఉంచే చోటు ఏదైనా, కుటుంబ నివాసం తప్ప, మానసిక ఆరోగ్య సంస్థ కిందికే వస్తుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకొక వృద్ధాశ్రమం గురించి చెప్పినా, మందుల సమ్మతి గురించి ప్రత్యేకంగా మాట్లాడదు.

9. సరైన పద్ధతి

సరైన సమ్మతికి ఖరీదైన ఏర్పాట్లేమీ అక్కర్లేదు. మొదట నొప్పి, ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఇతర మందుల ప్రభావం ఉన్నాయేమో డాక్టరు పరీక్షించాలి. భయాన్ని తగ్గించే మాట, వెలుతురు, పగటి నడక, తెలిసిన పాట, తెలిసిన మనిషి వంటివి ప్రయత్నించాలి. అప్పటికీ మందు తప్పదనుకుంటే ముందుగా ఆ వృద్ధురాలితోనే మాట్లాడాలి: "అవ్వా, సాయంత్రమైతే నీకు భయమేస్తోంది కదా. ఈ చిన్న మాత్ర వేసుకుంటే భయం కొంచెం తగ్గొచ్చు. కాళ్లు బిగుసుకోవచ్చు, తూలు రావచ్చు. వద్దనుకుంటే చెప్పు." ఆమె పూర్తిగా గ్రహించకపోయినా తల తిప్పుకోవడం, మాత్ర ఉమ్మేయడం కూడా ఒక జవాబే. దాన్ని నమోదు చేయాలి.

తర్వాత ప్రతినిధితో విడిగా మాట్లాడాలి. ఏ మందు, ఎంత మోతాదు, ఏ లక్షణం కోసం, ఎన్ని వారాలు, పక్షవాతం, మరణం ప్రమాదం ఎంత, ఎప్పుడు ఆపుతారు అన్నవి చెప్పాలి. కొడుకు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటే ఫోన్‌లో చెప్పి రాతలో పంపాలి. అన్నంలోనో మజ్జిగలోనో కలిపి తెలియకుండా ఇవ్వడం డాక్టరు, ప్రతినిధి కలిసి రాసిన కారణంతో తప్ప జరగకూడదు. అత్యవసరంగా ప్రాణం కాపాడాల్సివస్తే 72 గంటల వరకు చికిత్సకు చట్టం వీలిస్తుంది. ఆ వీలు నెలల తరబడి మాత్రకు అనుమతిగా మారకూడదు.

ఏజెన్సీలో మరికొన్ని అవసరాలున్నాయి. కోయ, కొండరెడ్డి వృద్ధులతో మాట్లాడటానికి అదే గూడేనికి చెందిన ఆశా కార్యకర్తో, బంధువో ఉండాలి. వేలిముద్ర పత్రానికి ఆశ్రమ సిబ్బంది కాని సాక్షి ఉండాలి. అయినవారెవరూ లేని వృద్ధుల కోసం నిర్వాహకుడిని సంతకం అడగకుండా, సమీక్షా బోర్డుకు రాసి ప్రతినిధిని నియమించమని కోరాలి.

10. తేల్చవలసిన మాట

ఖమ్మం అనుభవం నుంచి ఒక నియమం తీసుకోవచ్చు. ఒక సంస్థను నడిపేవారు, దాని లక్ష్యాలకు జవాబుదారులు, దానిలోని మనిషి మౌనంగా ఉంటే పని తేలికయ్యేవారు, ఆ మనిషి తరఫున సమ్మతి ఇవ్వకూడదు. వారు ఎంత దయగలవారైనా ఈ నియమం మారకూడదు. హాస్టల్ వార్డెన్‌కూ, ఆశ్రమ నిర్వాహకుడికీ, ఆస్పత్రి యజమానికీ ఇది ఒకటే. సంరక్షకుడి నిర్వచనం నుంచి సంస్థ నిర్వాహకులను, సిబ్బందిని మినహాయిస్తూ చట్టాన్ని సవరించాలి. మందులతో నిర్బంధాన్ని పేరుపెట్టి నిషేధించాలి.

చట్టం మారేలోపు చేయగలిగిన పని ప్రతి కుటుంబం చేతిలో ఉంది. ఆశ్రమంలో ఉన్న తల్లినో తండ్రినో చూడటానికి వెళ్లినప్పుడు మందుల చీటీ అడిగి తీసుకోవాలి. ప్రతి మాత్ర పేరు, ఎందుకు, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా అని అడగాలి. మాత్రను అకస్మాత్తుగా మాన్పించకుండా డాక్టరుతో మాట్లాడి తగ్గించమనాలి. అనుమానముంటే వృద్ధుల సహాయ కేంద్రం 14567కు, మానసిక ఆరోగ్య సలహాకు 14416కు ఫోన్ చేయవచ్చు. అరవై దాటినవారు జ్ఞాపకం బాగున్నప్పుడే తమ ప్రతినిధి పేరు తామే రాసి పెట్టుకోవాలి. తమ బదులు సంతకం పెట్టేది ఎవరో ఎంచుకునే హక్కు చట్టం ఇచ్చింది; దాన్ని వాడుకోవాలి.